తీర్మానాల పుస్తకం

ఆదివారం పదకొండింటికి, టెర్రస్ మీద,
వాటర్ ట్యాంకు నీడ ఎంతమేర పడితే అంతమేరే మీటింగు.
పెరంబూరు. పద్నాలుగు ఫ్లాట్లు. సెక్రటరీని నేను.
పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాస్తుంటాను
ఎవరేమన్నారో, టీ ఎవరు వద్దన్నారో కూడా.

ఈ ఏడాది ఆ మాట మూడుసార్లు రాశాను.

జనవరిలో బోత్రా గారు.
గేటుకి అడ్డంగా ఉన్న కారు తియ్యమంటే
"మార్వాడీలమనే కదా, ఇది రేసిజం" అన్నారు.
కారు తీశారు.
మాట అక్కడే ఉండిపోయింది, ఆయిల్ మరకలా.

మార్చిలో పరాంకుశం గారు, మన తెలుగాయనే.
మోటారు బిల్లు మూడు నెలలు ఎగ్గొట్టి
"గొల్టీననే కదా నన్నే పట్టుకుంటారు" అన్నారు.
అడిగింది నేను.
నేనూ గొల్టీనే, సార్.
అందరూ నవ్వారు, ఆయన కూడా. బిల్లు మాత్రం కట్టలేదు.

జూన్‌లో కుక్క గురించి.
నాటుకుక్క మొరిగితేనే నోటీసా,
మూడో అంతస్తు లాబ్రడార్‌కి లేదా, అని.
జాతి అంటూ ఉన్నది దానికే కాబట్టి
మూడింట్లో అదొక్కటే కాస్త సబబనిపించింది.

నేనేం తక్కువ తిన్నానా.
రేషన్ ఆఫీసులో ఓసారి, ఎండకి కళ్లు తిరుగుతుంటే
"తెలుగుదాన్ననే కదా వెనక్కి నెట్టారు" అని అరిచాను.
గుమాస్తా ఏమీ అనలేదు.
నా చేతిలోని టోకెన్ని వేలితో నావైపు తిప్పాడు.
నలభై ఏడు.
అప్పుడు పిలుస్తున్నది నలభై ఒకటి.
క్యూ అంతా అతణ్ణే చూస్తోంది, నన్ను కాదు.
నా కార్డు మీద ఆ సీలు
ఇప్పటికీ వంకరగానే ఉంది.

చూళై బళ్లో వెనక బెంచీ వాళ్లు
తెలుగుని తిరగేసి గొల్టీ అని పిలిచిన రోజుల్లో
ఆ పెద్దమాట మాకెవరికీ రాదు.
వచ్చుంటే అనేదాన్నా?
పిలిచిన సుగంధే రోజూ జామకాయలో సగం పెట్టేది.
తేల్చుకోలేదు ఇంతవరకూ.

అందుకే అంటూ వచ్చాను,
పోపులో ఇంగువ చేశారు ఆ మాటని,
అన్నిట్లోనూ పడేస్తున్నారు,
చివరికి ఇంగువ కట్టిన గుడ్డే మిగులుతుంది, అని.

ఈ ఆదివారం 3బి అమ్మాయి వచ్చింది.
లాల్‌రిన్‌పుయి. పేరు సరిగ్గా రాయడానికి రెండుసార్లు కొట్టేశాను.
నైట్ డ్యూటీ నుంచి నేరుగా, నర్సు బూట్లతోనే.
ఎజెండాలో ఏడో అంశం: 3బి వంటింటి వాసన.
ఆమె ఆ మాట అనలేదు.
"వారానికోసారే వండుతాను, కిటికీ మూసేస్తాను" అంది,
నా తమిళం కన్నా శుభ్రమైన తమిళంలో.
"నేను లిఫ్టు ఎక్కితే పిల్లల్ని దింపేస్తున్నారు.
అదీ వాసన వల్లేనా?"
గొంతు పెంచకుండా,
మందు ఎన్ని పూటలో కనుక్కున్నట్టు.

తిరునావుక్కరసు గారు వాచీ చూసుకున్నారు.
"ఈవిడా మొదలుపెట్టిందా" అన్నారు వెనకనుంచి ఎవరో,
"అందరికీ ఇదొకటి దొరికింది."
ఆమె మొదలుపెట్టనే లేదు.
మేమే ముందుగా వాడేసుకున్నాం,
కారుకి, మోటారుకి, కుక్కకి.
ఆమె వంతొచ్చేసరికి డబ్బాలో గుడ్డే ఉంది.

కింద ఎవరింట్లోనో ఎండు నెత్తళ్లు వేగుతున్నాయి.
ఆ వాసన మెట్లెక్కి, మా కుర్చీల మధ్యనుంచి
ట్యాంకు దాకా వచ్చింది.
అది ఏ ఎజెండాలోనూ లేదు.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
రాస్తే నాలుగోసారి అవుతుంది,
కుక్క కింద వరసలో.
రాయకపోతే
ఏమవుతుందో నాకు తెలుసు, ఏమీ కాదు.
లిఫ్టు గురించి ఆమె అన్నది
అక్షరం మార్చకుండా రాశాను.
దానికి పేరు పెట్టలేదు.
పదకొండు సంతకాలు పడ్డాయి, ఒక్కరూ చదవలేదు.

దిగేటప్పుడు లిఫ్టులో ఆమె, నేను.
రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది.
2డి కుర్రాడు, చంకలో బ్యాటు.
ఒక కాలు లోపల పెట్టి, వెనక్కి తీసుకుని
"మెట్ల మీద వస్తాలే ఆంటీ" అన్నాడు,
నాతో.