గేజీ పుస్తకం

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక
భీమవరం గాలికి ఒక వాసన వస్తుంది,
యనమదుర్రు డ్రైను, ఎండిన నాచు, రొయ్యల మేత.
ఆ వాసనలో కూచుని
ఎవరో రాసిన వ్యాసాలు తూచడం
జీతం లేని నా రెండో ఉద్యోగం.

ఈసారి వచ్చింది మేతలో కలిపే పొడి గురించి.
పదిహేను పేజీలు, ఆరు పట్టికలు,
పన్నెండు చెరువులు, తొంభై రోజులు.
పొడి చల్లిన చోట తెల్లమచ్చ తగ్గిందట,
నలభై కౌంటు పడిందట.
గ్రాఫులో గీత ఏటిగట్టు రోడ్డులా
నున్నగా ఎక్కేసింది.

చివరి పేజీలో చిన్నక్షరాలు:
"ప్రయోజనాల వైరుధ్యం: ఏమీ లేదు."
పొడి అమ్మే కంపెనీ కారులోనే
ఆ రచయిత చెరువు గట్టున దిగుతాడని
కాళ్ళ ఊళ్ళో బడిపిల్లలకి కూడా తెలుసు.

పట్టికలో మాత్రం తొమ్మిది చెరువులే.
మూడు ఎటు పోయాయి?
అడుగున ఒక చుక్క గుర్తు, ఒక వాక్యం:
"నిర్వహణ లోపం వల్ల పరిగణించలేదు."

నాలుగో నంబరు నాకు తెలుసు.
అది మా మరిది సత్తిపండు చెరువు.
ఏరియేటర్లు తిరుగుతుండగానే ఓ అర్ధరాత్రి
రొయ్యలు ఎర్రబడి గట్టువారకి చేరాయి.
తెల్లారకముందే కాకులొచ్చాయి.
లోపమంటూ ఉంటే
ఆ డబ్బాలు అప్పు మీద తేవడమే.

"తిరస్కరించండి" అన్న గడి
ఒక్క నొక్కు దూరంలో ఉంది.
నా పేరు ఎవరికీ కనపడదు,
రెండో సమీక్షకులు, అంతే.
వేలు పెట్టాను.
నాన్న దగ్గాడు,
పోయి పదకొండేళ్ళయినా.

నాన్న లాకుల దగ్గర లస్కరు. గవర్రాజు.
మా అరెకరం శివారు భూమి.
పై ఊళ్ళన్నీ తాగి మిగిలిస్తేనే నీళ్ళు.
ఒక దాళ్వాకి, చేను పొట్ట మీదుండగా ఎండుతుంటే,
రాత్రి ఒంటిగంటకి తలుపు రెండంగుళాలెత్తాడు.
ఎత్తి, లాంతరు దగ్గరికి జరుపుకుని
గేజీ పుస్తకంలో రాశాడు:
"తలుపు రెండంగుళాలు. నా చేను కోసం. గవర్రాజు."

ఇంక్రిమెంటు పోయింది.
"తీసినోడివి, దాచుకోవడం చేతకాలేదా" అని
ఏడాదంతా అమ్మ.
నాన్న ఒక్కసారే జవాబిచ్చాడు, చుట్ట ఆర్పి:
"నీళ్ళు దొంగిలించాను గానీ
లెక్క దొంగిలించలేదే."

ఎడిటర్ గారికి రాశాను.
ఈ వ్యాసాన్ని నేను తూచకూడదు.
నాలుగో చెరువు మా ఇంటిది,
ఆ నష్టం నా కళ్ళకి అంటుకునుంది.
కానీ నాలుగు, ఏడు, పదకొండు
ఎందుకు తీసేశారో
చెరువు లేనివాళ్ళెవరి చేతైనా అడిగించండి.

రెండ్రోజులకి కాకినాడ నుంచి ఫోను.
పురుషోత్తం గారు. మంచాయనే.
గొంతులో నొప్పి దొంగది కాదు.
"ఎందుకు చెప్పారమ్మా?
చెప్పకపోతే మీ మాట నిలిచేది.
ఇప్పుడు మీ రిపోర్టు పక్కన పెట్టాలి, నియమం."
కాసేపాగి, లోగొంతుకతో,
"ప్రత్యేక సంచికకి కాగితం ఖర్చు
ఎవరు పెడుతున్నారో మీకూ తెలుసుగా."
ఆ మాట
ఏ పేజీ అడుగునా అచ్చుకాదు.

జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలారు.
బురదనీళ్ళతో పాటే సంచికా వచ్చింది.
గీత అలాగే ఎక్కింది. తొమ్మిదే చెరువులు.

నిన్న సత్తిపండు వచ్చాడు.
స్కూటరు ముందు రెండు డబ్బాలు, కొత్తవి.
"పుస్తకంలో పడిందంట వదినా,
కొట్టువాడు జిరాక్సు చూపించాడు.
పోయినసారి మనమే సరిగ్గా వెయ్యలేదేమో."

మంచినీళ్ళిచ్చాను. తాగేదాకా ఆగి అడిగాను,
చెరువు పుస్తకం రాస్తున్నావా అని.
మేత, ఉప్పు, నీళ్ళ రంగు, అన్నీ రాస్తున్నాడట.
చచ్చినవో?

గ్లాసు కింద పెట్టి నవ్వాడు.
"చచ్చినవి ఎవరు రాస్తారు వదినా?"