ఒకే గాటన

తెలావీ ఊరి చివర ద్రాక్ష నర్సరీ. ఫిబ్రవరి.
కిటికీకి అటువైపు మంచు కప్పిన ఖాళీ పొలం.
కింద నేలమాళిగలో, తడి ఇసుకలో
రెండువందల పన్నెండు కొమ్మలు నిద్రపోతున్నాయి.
పైన నేను, కిరోసిన్ హీటరు, ఒక పట్టిక.

కాఖేతీ పెరళ్ళలోంచి, కూలిన ప్రహరీల మీంచి
గోచా కోసుకొచ్చిన పేరులేని తీగలివి.
ఏది దేనికి చుట్టమో తేల్చమన్నారు నన్ను,
ఏప్రిల్లో నాటేలోపు.

పండు తీపి: ఇరవై రెండున్నర. అది అంకె.
తొక్క: నలుపు, గులాబి, తేనెరంగు. అవి పేర్లు.
ఆకు అడుగున నూగు: లేదు, కొద్దిగా, బాగా, ఉన్నిలా.
అవి మెట్లు;
మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు ఎంతో ఎవరూ కొలవలేదు.
ఈనెల్లో ఎరుపు: ఉంది, లేదు.
ఇరవై రెండున్నరలోంచి నలుపుని తీసేస్తే ఎంత మిగులుతుంది?
నవ్వకండి. నా జీతం ఈ ప్రశ్నకే.

నక్కకీ నాకలోకానికీ ఉన్న దూరాన్ని
సున్నాకీ ఒకటికీ మధ్య ఇరికించాలి.
అంకెల తేడాని ఆ గడిలోని అతి పెద్ద తేడాతో భాగిస్తాను.
రంగు కలిస్తే సున్నా, కలవకపోతే ఒకటి.
నలుపుకి గులాబి ఎంత పరాయిదో తేనెరంగూ అంతే పరాయిది,
మధ్యేమార్గం లేదు.
అన్నీ కూడి, ఎన్ని కూడానో అన్నిటితో భాగించి
ఈ ఇద్దరి మధ్య ఎడం ఇదీ, అంటాను.

కిందటేడు వడగళ్ళకి కాయంతా రాలిపోయిన తీగలున్నాయి.
వాటి తీపి గడి ఖాళీ.
ఖాళీని సున్నా అనుకుంటే అబద్ధం,
సగటుతో నింపితే మర్యాదగల అబద్ధం.
తెలిసినవాటితోనే పోల్చి ఊరుకుంటాను.

లేనితనం దగ్గరే నా పెన్ను ఆగుతుంది.
రెండిటికీ ఈనెల్లో ఎరుపు ఉంటే సరే, పోలికే.
రెండిటికీ లేకపోతే?
నాకు పడవ లేదు. ఈ కొండల్లో గోచాకీ పడవ లేదు.
అంతమాత్రాన మేము బంధువులమా?
ఆ గడిని లెక్కలోంచి తప్పించాను.

ఏడు గుంపులు తేలాయి.
ప్రతి గుంపుకీ ఒక పెద్ద. సగటు కాదు;
సగటు తీగ ఏ కొండ మీదా మొలవదు,
ముప్పావువంతు నలుపుతో ఏ గుత్తీ పండదు.
పెద్దగా నిలిచేది నిజం తీగే,
తనవాళ్ళందరికీ అతి తక్కువ ఎడంలో ఉన్నది.

నూట నలభై ఏడు మాత్రం పూటకో ఇంటిపేరు చెబుతోంది.
అన్ని గడులకీ సమాన తూకం వేస్తే మూడో గుంపు.
నూగుకి రెట్టింపు వేస్తే ఆరో గుంపు.
తక్కెడ నాదే, రాళ్ళూ నావే;
నేను మొగ్గినవైపే ముల్లు మొగ్గుతోంది.
దాని పేరు అడిగితే పెరటి యజమానురాలు మ్జెవినార్
రాయించిన మాట:
"తోడేలొచ్చిన ఏడు మా అత్త నాటింది."
అది అంకె కాదు, మెట్టు కాదు, ఉంది-లేదూ కాదు.
దానికి గడి లేదు.

గోచా బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు.
"దీన్నెవరి వరసలో నాటను?"
తెర మీద చుక్కలు చూపించాను.
చాలాసేపు చూశాడు, ఇతరుల పెళ్ళి ఫోటో చూసినట్టు.
"పండు తిన్నావా నువ్వు?"
లేదు.
"నేను తిన్నాను," అన్నాడు, అంతకంటే ఏమీ అనలేదు.

మూడుకీ ఆరుకీ మధ్య, అని నివేదికలో రాశాను.
డైరెక్టర్ తమాజ్ దాన్ని కొట్టేస్తాడు.
ఒకే గాటన కట్టందే ఆయనకి నిద్ర పట్టదు.

సాయంత్రం కిటికీలోంచి చూస్తే
గోచా ఏ వరసకీ చెందనిచోట,
నీళ్ళ కుళాయి పక్కన, మంచులో గుంజ పాతుతున్నాడు.
ఇక్కడైతే నీళ్ళు పోయడం తేలికట.
తగరపు బిళ్ళ తీసి అంకె రాశాను.
ఇంకా చోటు మిగిలింది.
తోడేలు, అని రాశాను.