రిజిస్టర్ల ఎక్కని బండి

హసన్‌పర్తి దాటినంక, ఉప్పల్ రాకముందు
పత్తి చేన్ల నడుమ నా గేటు.
ఇనుప కుర్చీ, నీళ్ల కూజ,
ఎర్ర జెండ, పచ్చ జెండ, గోడకు ఫోను.
ఫోను మోగుతది.
స్టేషన్ మాస్టర్ ఒక నంబరు చెప్తడు, నేనొక నంబరు చెప్త.
రెండూ రాసుకుంటం. గేటు పడుతది.
బొగ్గు బండి పోతది, యాభై తొమ్మిది డబ్బాలు.
ఆఖరి డబ్బ చూసి జెండ ఊపి
టైము రాస్త, సంతకం పెడ్త.

ఇరవై రెండేండ్లాయె.
నా బతుకుల లెక్కకు ఎక్కని నిమిషం లేదు
బండికీ బండికీ నడుమ
కుర్చీ కింద దాసుకున్న పుస్తకం తప్ప.

ఎండాకాలం సెలవులల్ల
మా చెల్లె బిడ్డ శ్రీనిజ జమ్మికుంట నుంచి వచ్చింది,
స్కెచ్చుపెన్నులతోటి గళ్లు గీసిన చార్టు సంకల పెట్టుకొని.
"ఏడాదికి యాభై పుస్తకాలు మామా.
ఒకటి అయితే ఒక గడికి రంగు.
మా టీచర్ చెప్పింది. నువ్వు గూడ నింపు, పోటీ!"
పిల్ల మాట కాదంటనా?
నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటైంది.

మొదటి వారం రెండు గళ్లు.
రెండో వారం మూడు. సన్నటి పుస్తకాలు ఏరుకున్న మరి.
ఒక మాట కాడ ఆగి, ఎనుకకు పోయి,
దాన్ని చింతగింజ తీరు
బుగ్గన పెట్టుకొని చప్పరించుడు బందయింది.
ఒక కతల ముసలామె
బాయిల పడ్డ ఉంగరం కోసం రాత్రంత కూసున్నది.
దొరికిందా? యాదికి లేదు.
గడి మాత్రం నిండింది, నారింజ రంగు.

గూడ్సు బండిని చూసినట్టు చదివిన.
డబ్బాలెన్నో ఎరుకే.
లోపల ఏమున్నదో ఎవలకెరుక?

గౌండ్ల రాజమౌళికి చదువు రాదు.
గేటు పడ్డప్పుడల్ల మోపెడ్ ఆపి
నా కతలు తునుకలు తునుకలుగ ఇంటడు.
"ఓదెలూ, ఆ పడవ పోరడు ఏమైండే?"
నేను తల గోక్కున్న. "ఆ పుస్తకం అయిపోయిందే."
"అయిపోయిందా అని కాదు,
ఏమైందని అడిగిన" అన్నడు.
గేటు లేసింది. పోయిండు.
లొట్ల చప్పుడు చానా దూరం దాక ఇనబడ్డది.

ఆ రాత్రి డ్యూటీల చార్టు పీకిన.
చింపబుద్ది కాలే, పిల్ల చేతి గీతలు.
గళ్లు లోపటికి మలిచి
పడవ పోరని పుస్తకానికే అట్ట ఏసిన.
మల్ల మొదటి పేజీ నుంచి మొదలువెట్టిన, ఇది మూడోసారి.
బర్రె సచ్చిపోయే కాడ ఎప్పటిలెక్కనే దాటేసిన,
పెండ్లి బువ్వ కాడ రెండు దినాలున్న.
ఒక దినమైతే అసలు తెరువనే లేదు,
పత్తి పూలు పసుపు నుంచి గులాబీకి మారుడే చూసుకుంట కూసున్న.

శ్రీనిజ ఫోన్ చేసింది. "ఎన్నయినయి మామా?"
"లెక్క తప్పిన బిడ్డా."
కొంచెం సేపు సప్పుడు లేదు. తర్వాత, మెల్లగ,
"నేను పదమూడు కాడ ఆగిన.
చిన్నపిల్లల బొమ్మల పుస్తకమొకటి, ఏనుగుది...
గదే మల్ల మల్ల చూస్తున్న.
అది గడిల రాయొచ్చా?"
"రాయకు. ఎవలకు చెప్పకు.
గడ్డిల మామిడికాయ తీరు దాసుకో."
నవ్వింది. ఎన్ని దినాలకో.

ఇయ్యాల పడవ ఏటి నడుమకు వచ్చింది.
పోరడు తెడ్డు ఎత్తిండు,
ఫోను మోగింది.
నంబరు చెప్పిన, నంబరు రాసుకున్న,
పుస్తకం బోర్ల పెట్టి గేటు ఏసిన.
రాజమౌళి మోపెడ్ దిగి
"ఎందాక వచ్చిండే?" అన్నడు.
"ఇంక నీళ్లల్లనే ఉన్నడు."
"ఉండనియ్," అన్నడు బీడీ ముట్టించుకుంట,
"తొందరేమున్నది."