ఆవగింజలో సగం

నా పని పాదాలు చూడటం.
బంతి ఎటు పోయిందో నాకు తెలియదు.
వికెట్ ఎగిరితే
రేకుల కప్పు మీద వాన పడ్డట్టు
గోడల్లోంచి అరుపు వినిపిస్తుంది, అంతే.
ఏసీ గది, భుజాల మీద శాలువా,
తెర మీద తెల్ల గీత, దాని మీదికి దిగే ఒక బూటు.
ఆపు. వెనక్కి. ఇంకొంచెం వెనక్కి.
సరే.
మళ్ళీ ఇంకో బూటు.

బయట ఎండలో నిలబడ్డ అంపైరు
ఇప్పుడు కిందికి చూడక్కర్లేదు.
మీట నొక్కితే అతని చెవిలో నేనే పలుకుతాను.

బౌలర్ల మొహాలు నాకు గుర్తుండవు.
బొటనవేలు నలగకుండా బూటు ముక్కు కోసుకున్నవాడొకడు,
లేసు చివర కూతురి రిబ్బను ముడేసుకున్నవాడొకడు.
బజారులో ఎదురైతే నేల చూస్తాను.
సిగ్గనుకుంటారు.

మా మేనమామ యూస్టేస్ ఫోర్డైస్
బెర్బీస్ తీరంలో తూము కాపలాదారు.
ఆటుకి తలుపెత్తాలి, పోటుకి దించాలి.
సముద్రం కన్నా పల్లంలో ఉన్న ఊరు;
ఆయన కునుకు తీస్తే చెరకు తోటలో చేపలు.
ఆదివారాలు మాత్రం
తెల్లకోటు తొడుక్కుని, జేబులో ఆరు గులకరాళ్ళు పోసుకుని
ఇంకో గీతకి కాపలా.
చూపు మడమ మీంచి లేచి
అవతలి బ్యాటు దాకా పోవాలి, బంతి కన్నా ముందే.
ఉన్నవి రెండే కళ్ళు,
అవీ ఒకే వైపుకి.

ఎనభై మూడులో ఎంపిక మ్యాచ్.
లిల్మన్ జగ్రూప్, పంతొమ్మిదేళ్ళు,
చెరకు నరికిన చేతులు, పరుగు గేటు దగ్గర్నించి.
ఐదు వికెట్లు తీశాడు.
ఆరోది, మిడిల్ స్టంపు గాలిలో గిరికీలు కొడుతుంటే
మామ చెయ్యి అప్పటికే పక్కకి చాపి ఉంది.
నో బాల్.
ఆ బ్యాట్స్‌మన్ నూట పన్నెండు కొట్టాడు.
సెలెక్టర్లు టీ తాగి వెళ్ళిపోయారు.
గీతలోని సున్నం ఆ అడుగుకే చెదిరింది,
సాక్షిని కూడా తొక్కేసినట్టు.

ఆస్పత్రిలో, చివరి వారం,
నా చెయ్యి పట్టుకుని మామ అడిగింది
ఇంటి కాగితాల గురించి కాదు.
"వెనకే దిగిందేమో. దిగాక జారిందేమో.
జారితే తప్పు లేదు కదా?"
లేదు మామా. ఎక్కడ దిగిందన్నదే లెక్క.
అంతకన్నా నా దగ్గర లేదు,
తిప్పి చూడ్డానికి రీలు లేదు.

లిల్మన్ ఇప్పుడు మినీబస్సు నడుపుతాడు,
న్యూ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి స్కెల్డన్ దాకా.
నిన్న అతని పక్క సీటు నాది.
ఎవరో చెప్పినట్టున్నారు నా ఉద్యోగం.
"మీ గదిలో అయితే తెలిసేది."
గొంతులో కోపం లేదు; చిల్లర లెక్కపెడుతున్నాడు.
"ఆవగింజంత. ఆవగింజలో సగం.
నా మడమ గీత వెనకే ఉంది.
నలభై ఏళ్ళుగా రోజూ అక్కడే దిగుతోంది."

తెలిసేదేమో.
ఒక ఫ్రేములో మడమ గాల్లో ఉంటుంది,
తర్వాతి ఫ్రేములో దిగిపోయి ఉంటుంది,
దిగడం మాత్రం రెంటి సందులో జరిగిపోతుంది.
ఆ సందు సంగతి మేం బయట చెప్పం.
అతనికీ చెప్పలేదు.

అలవాటు కొద్దీ కిందికి చూశాను.
బ్రేకు మీద రబ్బరు చెప్పు,
ఎండిన మడమ, పగుళ్ళలో సున్నం లాంటి తెలుపు.
ఆపు, వెనక్కి, అనడానికి
చేతిలో మీట లేదు.

రోజ్‌హాల్ కూడలిలో ఎర్రదీపం.
బస్సు ఆగింది.
ముందు చక్రం తెల్ల గీత మీదుందో, వెనకుందో
కూర్చున్న చోటు నుంచి కనబడదు.
తను నా వైపు తిరిగి, పన్ను లేని నవ్వుతో,
"హౌజాట్?" అన్నాడు.

నేనింకా కిటికీలోంచి తల బయట పెట్టి వంగుతున్నాను,
వెనక, గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకున్నావిడ
పచ్చదీపం పడింది, పోనీవయ్యా
అని అరిచింది.