బంగారుపాళెం కాడ ఆపు

గుట్టలెక్కే బండిని
గుట్ట దించేటప్పుడు మోసుకోనే పోవాల.
అదీ తమాషా.

పలమనేరు అడివంచు చేలల్లో
నాలుగేండ్లు రాత్రిళ్ళు
ఏనుగుల ఎనకాల దీపాలేసుకోని తిరిగిన బండి.
తలుపుల్లేవు, పైన రేకు కప్పు,
ఎనక తొట్టిలో ఇంకా అంటుకోనుండే టమోటా తొక్క.
ఇప్పుడు మారేడుమిల్లిలో ఎవురో కాఫీతోట ఆయన కొన్నాడంట.
ఏడునూర్ల చిల్లర కిలోమీటర్లు.
దాని కాళ్ళ మీద అది పొయ్యేది కాదు,
నా ట్రైలరు మీద,
ఎండకీ గాలికీ ఒళ్ళప్పజెప్పి.

పలకలేసి ఎక్కించినా.
ఇంకో జానెడు, ఇంకో బెత్తెడు, చాలు.
బరువు ఇరుసుకి రవంత ముందర కూచోవాల.
ఎనక్కి జారిందా,
అరవై దాటినాక ట్రైలరు తోక ఆడిస్తాది.
ఆ ఆట మొదలైతే
స్టీరింగు మన మాట యినదు.
ఈ సంగతి నాకు చెప్పింది దొరవేలు మేస్త్రి.
చెప్పేటప్పుడు ఎడమ మోచెయ్యి నిమురుకునేవోడు.
ఎక్కడ, ఎప్పుడు అని నేనడగలా.

నాలుగు మూలలా నాలుగు పట్టీలు, చక్రాలకే.
ఒంటికి కడితే ఒళ్ళు స్ప్రింగుల మీద ఊగి ఊగి
పట్టీని నమిలేస్తాది.
ప్రతి పట్టీకీ ఒక మెలి,
లేకుంటే దారంతా గాలికి ఊళ పెడతాది.
ఇనప అంచు తగిలేచోట సైకిల్ ట్యూబు ముక్క.
కొక్కెం కింద గొలుసులు కత్తెర మాదిరి,
కొక్కెం ఊడినా ముక్కు నేలకి పడకుండా
ఒడిపట్టేదానికి.
ఎగిరేదల్లా తీసి బొలెరోలో ఏసినా:
స్పానర్లు, సీటు గుడ్డ, ఎవురో మర్చిపోయిన తువ్వాల.
ముందరద్దం ఊడదీస్తావుంటే
రబ్బరు సందులో
కాలకుండా మిగిలిన టపాకాయ వొత్తి ఒకటి.
దాన్ని ఎందుకో జోబులో పెట్టుకున్నా.

"ఇంత కట్టినాక ఇంకేం కదల్తాది అన్నా,
నేరుగా నెల్లూర్లోనే టీ" అన్నాడు ఇలియాసు.

మొగిలి ఘాటులో రెండో గేరు.
బ్రేకు మీద కూచునే పని లేదు,
తొక్కు, ఇడువు. తొక్కు, ఇడువు.
బెంగళూరు బస్సులు హారను కొట్టి
తిట్టుకుంటా దాటిపోయినాయి.
పోనీ.
అద్దంలో గుట్టబండి
బాసికం కట్టిన పెండ్లికొడుకు మాదిరి
బిగుసుకోని కూచోనుంది.

బంగారుపాళెం దాటినాక
మామిడి పల్పు ఫ్యాక్టరీ గోడ పక్కన ఆపినా.
పులిసిన బెంగుళూరా వాసన, ఈగలు.
ఇలియాసు మూతి ముడిచినాడు.
ఎనక కుడిపక్క పట్టీని నొక్కితే
రెండు వేళ్ళ మందం దిగిపాయ.
పలమనేరులో మీటితే తంబూర తీగ,
ఇక్కడ పాత మంచం నవారు.

"ఎవురన్నా ఇప్పినారా అన్నా?"

ఎవురూ ఇప్పలేదబ్బా.
ఎక్కించినప్పుడు నిలబడుండింది,
ఘాటు దిగతా దిగతా కూచుంది.
టైర్లు సర్దుకున్నాయి, నార సాగింది.
నిలబడినప్పుడు కట్టిన కట్టు వేరే,
కూచున్నాక కట్టేది వేరే.

వాడేమీ అనలా.
చెయ్యి తిరగేసి చక్రం మూతకి ఆనించి చూసినా:
ఎండలో పెట్టిన చెంబంత వేడి,
జరమొచ్చిన బిడ్డ నుదురంత కాదు. పర్లేదు.
లేచి చూస్తే
వాడే బిగించే చిలక అందుకోనున్నాడు.
కిర్రు, కిర్రు, కిర్రు.
చాలంటే ఇంకో పల్లంటాడు.
చాల్రా, తెగతాది, అని
వాడి చెయ్యి మీద చెయ్యేసి ఆపినా.

తిరుపతి పక్కన పొయ్యేసరికి చీకటి.
కొండ మీద దారి దీపాలు మలుపులు తిరగతా ఎక్కతా ఉన్నాయి.
పక్క కార్లోవాళ్ళంతా కిటికీల్లోంచి అటే చూసి
చేతులు జోడిస్తా ఉండారు.
నేను అద్దంలో ఎర్రదీపాలు రెండూ ఎలగతున్నాయా లేదా
అదే చూస్తా ఉండా.

నాయుడుపేట ఇంకా రాలే.
నిద్దరలోంచి ఉలిక్కిపడి లేచినాడు ఇలియాసు.
"అన్నా, రవంత ఆపు."
ఒంటికా?
"కాదన్నా,
పట్టీకి."