ఏడు చెట్లు

లేసు సూదితోనే చూపించేది అక్షరాన్ని.
పుల్లెందుకు, ఇది ఉందిగా, అనేది.
అలిఫ్ మీద, బే మీద
దారప్పోగు వేలాడుతూ.
శనివారం పంటు మీద నర్సాపురం పంపాల్సిన
పన్నెండు పువ్వుల గుడ్డ ఒళ్లో,
రెహల్ మీద కితాబు,
చుట్టూ మేం ఆరుగురం, తలల మీంచి జారిపోయే ఓణీలు.

జులేఖా బీకి ఇంత చదువు ఎలా వచ్చిందో
లంకలో ఎవరూ అడగలేదు. నేనడిగాను.
వాళ్ల నాన్న చూపు పోయాక
పదకొండేళ్లు ఆయనకి కళ్లయిందట.
ఆమె పైకి చదివితే ఆయన తప్పు దిద్దేవాడు.
కొన్నాళ్లకి ఆమే దిద్దేదట.

కమిటీ పెద్దలకి చిక్కొస్తే
చీకటి పడ్డాక ఒక పిల్లాణ్ణి పంపేవారు.
పరదాకి ఇవతల వాడు, అవతల ఆమె.
పొద్దున్నే ఆ మాటే
మైకులోంచి మగ గొంతుతో వచ్చేది.
మట్టగిడసలు తోముతూ వినేది ఆమె.

మా అబ్బా పోయాక
ముప్పై రెండు కొబ్బరి చెట్లు మిగిలాయి.
"ఆడపిల్లలకి పెళ్లిళ్లు చేశాం కదా" అన్నాడు అన్న మీరావలీ.
పెద్దలు టీ చల్లార్చుకున్నారు.
ఆ రాత్రి పిల్లాడు వెళ్లలేదు.
ఆమే వచ్చింది, బురఖా అంచు బురదలో తడిసి.
మసీదు అరుగు కింద నిలబడి
ఆయతు చదివింది, అర్థం మా లంక తెలుగులో చెప్పింది:
భార్యకి నాలుగండి. కొడుక్కి పద్నాలుగు.
కూతుళ్లిద్దరికీ ఏడేసి.
"మరి గాలివానకి పడ్డ మూడో?" ఎవరో.
"అవి పొయ్యిలోకి పోయాయి, పంపకంలోకి రావు."

ఏడే ఎందుకు ఉస్తాద్‌బీ, పద్నాలుగు కాదేం?
సూది ఆగింది.
"ముందు ఏడూ చేతికి తెచ్చుకో.
ఆ ప్రశ్న దాచుకో.
ఉప్పులో వేసిన చేప అది, పాడవదు."

ఆ కాయల డబ్బే కట్టాను
వార్డు మెంబరు నామినేషనుకి.
పోస్టరులో నాకంటే మా ఆయన ఫొటో పెద్దది.
మొదటి మీటింగుకి ఆయనే కుర్చీ లాక్కున్నాడు,
"సంతకం ఎక్కడో నేను చూపిస్తాలే" అని.

కాగితం ముందుకి జరిపారు.
సంచిలోంచి లేసు సూది తీశాను.
వరస వెంట వరస
పైకి చదవడం మొదలెట్టాను.
మూడో వరస: ఖబరస్తాన్ గోడ, లక్షా నలభై వేలు.
గోడ లేదు.
ఏటి కోతకి సగం పోయిన గట్టుంది,
గట్టు చివర, మొన్న వర్షాకాలం నుంచీ, జులేఖా బీ ఉంది.

ఫ్యాను తిరుగుతోంది.
మా ఆయన దగ్గాడు.
అదే వరస
మళ్లీ చదివాను.