పద్నాలుగో గది

బ్ర్నోలో రాత్రి రెండున్నర.
ట్రాములన్నీ ఎప్పుడో షెడ్డు చేరాయి.
బొహుమిలా తెర మీద ఒక ప్రాసెస్
పదకొండు గంటలుగా పడుకునే ఉంది.

చావలేదు. చంపుదామన్నా చావదు.
పేరు పక్కన డి అనే ఒంటి అక్షరం:
పిలిస్తే పలకని నిద్ర.
అది అడిగిన నాలుగు కిలోబైట్లు
డిస్కు నుంచి వచ్చి, పక్కనే కూర్చుని
చల్లారిపోయాయి.

పని ఆగినవాణ్ణి కెర్నెల్ విసుక్కోదు,
రిజిస్టర్లు మడతపెట్టి దాస్తుంది,
చదువుతున్న చోట వేలు పెట్టి ఉంచుతుంది,
పరుగు వరుసలోంచి పేరు తీసి
ఎదురుచూసేవాళ్ల జాబితాకి తగిలిస్తుంది.
నిద్ర సుఖమెరుగదంటారు,
ఈ నిద్ర కాలాన్నీ ఎరుగదు.
లేపితే అదే వాక్యంలో రెండో సగం.
కానీ ఎవరో ఒకరు లేపాలి.

తాత ఒటకర్ గుర్తొచ్చాడు ఆమెకి.
బొగ్గింజన్ల రోజుల్లో ప్షెరోవ్ డిపోలో
మనుషుల్ని లేపడమే ఆయన ఉద్యోగం.
చేతిలో లాంతరు, చంకలో పలక,
పలక మీద గది నంబరు, రైలు వేళ.

ఆ రాత్రి డ్రైవరు హవెల్ బోర్డు చూశాడు,
బండి ఇంకా రాలేదు.
పడుకుందామనుకుని, ముందు
నడవా చివర బూట్ల మసి కడగబోయాడు.
సరిగ్గా అప్పుడే తాత పద్నాలుగో గది తలుపు తట్టాడు.
ఖాళీ మంచం విన్నది.
తాత పేరు కొట్టేసి ముందుకెళ్లాడు.
హవెల్ తిరిగొచ్చి దుప్పటి కప్పుకున్నాడు.
తెల్లారేదాకా గూడ్సు బండి కూత వేస్తూనే ఉంది.

మర్నాటి నుంచి తాత మాట శాసనం:
పడుకున్నానని ముందు పలక మీద రాయి.
రాశాక, మంచమెక్కకముందు
ఇంకొక్కసారి బోర్డు చూడు.
బండి వచ్చుంటే పేరు చెరిపి పరుగెత్తు.
రాకపోతే కళ్లు మూసుకో,
ఇక ఎప్పుడు తట్టినా నీకే తగులుతుంది.

బొహుమిలా కోడ్‌లో
చూడడం ముందుంది, రాయడం వెనక.
రెండు పంక్తులు, అంతే. అటుదిటు మార్చింది.
తొందరపాటు ప్రాసెసర్ మళ్లీ తారుమారు చెయ్యకుండా
నడుమ ఒక అడ్డుగోడ కట్టింది.

ఆ పదకొండు గంటలవాణ్ణి మాత్రం లేపలేకపోయింది.
యంత్రాన్నే ఆర్పాల్సి వచ్చింది.

నాలుగూ ముప్పావు.
సోఫా మీద కోటు పరిచి
"పడుకుంటున్నా" అంది గట్టిగా, ఖాళీ ఆఫీసుతో.
అన్నాక ఎందుకో లేచి
ఒకసారి కిటికీ దగ్గరికెళ్లింది.
మలుపులో మొదటి ట్రాము, ఎర్రగా.

మంచిదైంది,
బూట్లు ఇంకా విప్పలేదు.